పన్నెండు చేతులు, ఒక పాస్‌వర్డు

"ప్రజల వివరాలు మా దగ్గర ఎంత భద్రంగా ఉన్నాయంటే, వాటిని ఇప్పుడు మేం కూడా తెరవలేం" అని ఆరోగ్య మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ముందు వరుస ఆపేశాక కూడా వెనక వరుస కాసేపు కొట్టింది. ఇంత పచ్చి నిజాన్ని ఒక్క వాక్యంలో చెప్పిన మంత్రిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. ఆ వాక్యం రాసిచ్చింది నేనే కాబట్టి, ఆయన చదువుతుంటే నాకూ కళ్లు చెమర్చాయి.

నేను మంత్రిగారి పేషీలో ప్రెస్ నోట్లు రాస్తాను. జరగనిది జరిగినట్టు, జరిగింది జరగనట్టు రాయడం నా వృత్తి. ఈ ఒక్కసారి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. అలవాటు లేని పని, ఎక్కడైనా తడబడితే పాఠకులు పెద్ద మనసు చేసుకోవాలి.

ముందు ఉక్కుగది సంగతి చెప్పాలి. పేదవాళ్లకి ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయించే 'చల్లని చూపు' పథకం మంత్రిగారి మానసపుత్రిక. ఫలానా మనిషికి ఆపరేషన్ చెయ్యమంటారా అని ఆసుపత్రి అడుగుతుంది, చెయ్యమని కంప్యూటరు మంజూరు ఇస్తుంది, అప్పుడు డాక్టరు కత్తి పడతాడు. ఆ కంప్యూటరుకే ఉక్కుగది అని పేరు. సెక్రటేరియట్ రెండో అంతస్తులో దానికో గది, గది ముందు ఒక గార్డు. మెషీన్ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా పెద్ద పాస్‌వర్డు కొడితేనే అది తెరుచుకుంటుంది.

ఆ పాస్‌వర్డు ఎవరు పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. అంతకు ముందు ఆసుపత్రి రిబ్బను కత్తిరించేటప్పుడు కూడా ఇదే తగువొస్తే ఏడుగురికి ఏడు కత్తెర్లిచ్చారు. రిబ్బనుకి ఏమీ కాలేదు గానీ మంత్రిగారి చూపుడువేలికి కుట్లు పడ్డాయి. అందుకని ఈసారి కార్యదర్శిగారు ధర్మరాజులా ఆలోచించారు. వేదిక మీద పన్నెండు మంది ప్రముఖులు, పాస్‌వర్డుకి పన్నెండు అక్షరాలు, తలా ఒకటి. ప్రోటోకాల్ ప్రకారం మంత్రిగారు మొదలు.

మొదలుపెట్టే ముందు కంప్యూటరు వాళ్లు తెర మీద 'పాస్‌వర్డు మర్చిపోయారా?' అనే బొత్తం చూపించారు. మంత్రిగారు కళ్లెర్ర చేశారు.

"ఇచ్చిన మాట మర్చిపోయే ప్రభుత్వమా మాది? తీసెయ్యండి దాన్ని."

తీసేశారు.

ఎవరి అక్షరం ఎవరికీ కనపడకూడదు గనక కీబోర్డు మీద ముఖమల్ గుడ్డ కప్పారు. ఒక్కొక్కరే వచ్చి, గుడ్డ కింద చెయ్యి దూర్చి, కెమెరా వైపు నవ్వి, ఒక మీట నొక్కి వెళ్లారు. పన్నెండు మందీ అయ్యాక తెర మీద 'మరోసారి కొట్టండి' అని వచ్చింది. కార్యదర్శిగారికి ముచ్చెమటలు పట్టాయి. ప్రముఖులు మాత్రం తొణకలేదు. మళ్లీ వరసగా వచ్చి, మళ్లీ నవ్వి, మళ్లీ నొక్కారు. రెండోది మొదటిదానితో పొల్లు పోకుండా సరిపోయింది. మా పార్టీలో పన్నెండు మంది రెండుసార్లు ఒకే మాట మీద నిలబడటం అదే ప్రథమం. 'పన్నెండు చేతులు, ఒకే మాట' అని నేను పెట్టిన శీర్షికని పేపర్లన్నీ వేసుకున్నాయి. మహానుభావుల వేళ్లు తగిలిన ఆ కీబోర్డుని గాజుపెట్టెలో పెట్టి ఉక్కుగది పక్కనే ఉంచారు.

ఆ రోజు వేదిక మీద మొదటి లబ్ధిదారుగా కూర్చున్నది మా అత్తగారు. అల్లుడు పేషీలో ఉంటే లబ్ధిదారు కోసం ఊళ్లు తిరగడం దేనికి? పైగా ఆవిడ అన్నివిధాలా అర్హురాలు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, మిగిలిన కంటికి శుక్లం కమ్మింది. ఆవిడ నలభై ఏళ్లు టైలరు షాపుకి కాజాలు కుట్టింది. చొక్కాకి ఏడు కాజాలు. ఆ లెక్క ఆవిడ ఒంట్లో ఇంకిపోయింది. పది మాత్రలు చేతిలో పోస్తే "చొక్కా మీద మూడు" అంటుంది. చూపు ఎంత తగ్గిందో కూడా సూదితోనే చెప్పేది. నిరుడు సన్న సూదిలో దారం ఎక్కించేది, తర్వాత గోనెసంచి సూదిలో, ఆ తర్వాత మా ఆవిడ ఎక్కించి ఇచ్చేది. ఆపరేషన్‌కి తారీఖు పడింది.

సరిగ్గా అప్పుడే విద్యుత్ పొదుపు వారోత్సవం వచ్చింది. మంత్రిగారు ఫోటోగ్రాఫర్ సమక్షంలో సెక్రటేరియట్ మెయిన్ స్విచ్ స్వహస్తాలతో కట్టేశారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. మళ్లీ కరెంటు వేశాక ఉక్కుగది పాస్‌వర్డు అడిగింది.

"చెప్పండి సార్" అన్నారు కార్యదర్శిగారు.

"నాకేం తెలుసు? మీరు పెట్టించారుగా."

"మీరు నొక్కారుగా సార్."

"నొక్కడం నా పని, గుర్తుపెట్టుకోవడం మీ పని."

పాలనలో బాధ్యతల విభజన ఇంత స్పష్టంగా ఉండటం చూసి నేను ముచ్చటపడ్డాను. ఆ మర్నాడే, పైన చెప్పిన ప్రకటన వెలువడింది.

అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్తే కళ్ల డాక్టరు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. మంజూరు రాలేదు.

"శుక్లం బాగా ముదిరింది" అన్నాడు నన్ను పక్కకి పిలిచి. "ఇంకా ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. అప్పుడు నేనేం చేసినా లాభం లేదు. ఆవిడకున్నది ఒక్క కన్ను."

"బయట ఎక్కడైనా చేయిస్తే?"

"పథకంలో పేరున్నవాళ్లకి బయట చెయ్యకూడదని ఉత్తర్వుంది కదండీ. పేపర్లో చాలా బాగా రాశారు దాని గురించి."

రాసింది నేనే. బయటికొచ్చాను.

"ఏమన్నాడు?" అని అడిగింది అత్తగారు, నా వైపు కాకుండా నా పక్కనున్న స్తంభం వైపు చూస్తూ.

"కొంచెం ఆగాలిట అత్తయ్యా."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట. సరే పదండి అల్లుడుగారూ. ఆగడం నాకేం కొత్త?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి కనపడదు కదా అని తుడుచుకోలేదు.

మంత్రిగారు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. పాస్‌వర్డులు వెతికిపెట్టే ఒక ఇంజనీరమ్మని పిలిపించారు. సన్నగా, కళ్లజోడుతో, ఎవరినీ చూసి లేచి నిలబడని మనిషి. అలాంటివాళ్లు సెక్రటేరియట్‌లో ఎక్కువకాలం ఉండరు.

"పాస్‌వర్డు మెషీన్‌లోనే ఉంటుందిగా, బయటికి తియ్యి" అన్నారు మంత్రిగారు.

"ఉండదు సార్. పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు దాచరు. మరలో పోసి పిండి ఆడించి, పిండి మాత్రమే దాస్తారు. దాన్ని హాష్ అంటాం. మీరు మళ్లీ పాస్‌వర్డు కొడితే, మెషీన్ దాన్ని కూడా ఆడించి ఈ పిండీ ఆ పిండీ ఒకటేనా అని చూస్తుంది."

"అయితే పిండిని తిరగేసి ఆడించి గింజలు తియ్యి."

"పిండి గింజలు అవదు సార్. అందుకే దొంగలకి దొరికినా భయం లేదు."

"మరి నువ్వేం చేస్తావ్?"

"ఊహిస్తాం సార్. ఇదేనేమో అని ఒక మాట తీసుకుని ఆడిస్తాం. పిండి కలిస్తే అదే. కలవకపోతే ఇంకో మాట. నా సాఫ్ట్‌వేర్ సెకనుకి కోట్ల మాటలు ఆడిస్తుంది."

మంత్రిగారు సంతోషపడ్డారు. సెకనుకి కోట్ల మాటలు ఆడటం అనేది ఆయనకి దగ్గరి విషయం.

"ఇందులో ఉప్పు కూడా కలుపుతారు సార్" అంది ఇంజనీరమ్మ. "ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా పిండి వేరేగా కనపడాలని ప్రతిదాంట్లో తలా ఒక రకం చిటికెడు వేస్తారు."

"ఎంత ఉప్పు?" అని కార్యదర్శిగారు పెన్ను తీశారు. టెండరు పిలవాల్సిన పని లేదని చెప్పి ఆయన్ని కూర్చోబెట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ముందు సోమరి పాస్‌వర్డులు చూస్తాను" అందామె. "వరస అంకెలు, ఒకే మీట పదేపదే నొక్కినవి, అలాంటివి. చాలామంది అలాగే పెడతారు. టీ తాగేలోపు అయిపోతుంది."

గదిలో చలి పుట్టింది. కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, పన్నెండు మంది ప్రజాప్రతినిధులు నొక్కినదాన్ని సోమరి జాబితాలో వెతకడం సభాహక్కుల ఉల్లంఘన. ముందు ఉదాత్తమైన మాటలు చూడండి."

ఆ ఉదాత్తమైన మాటలు సమకూర్చే భాగ్యం నాకు దక్కింది. మంత్రిగారి ప్రసంగాలన్నీ తెచ్చి, అందులో మాటలన్నీ ఏరి, రెండోసారి వచ్చినవి కొట్టేసి ఇమ్మన్నారు. కొట్టేశాక మిగిలింది ఒక చిన్న కాగితం. ప్రజలు, ప్రగతి, నేను, నిబద్ధత, నేను. రెండో 'నేను' పొరపాటున కొట్టెయ్యలేదు. సాఫ్ట్‌వేర్ ఆ కాగితాన్ని నమిలి, ముందూ వెనకా అంకెలు తగిలించి, తలకిందులు చేసి, రెప్పపాటులో 'లేదు' అంది.

అప్పుడు అసలు చిక్కొచ్చింది. పన్నెండు మందినీ ఎవరేం నొక్కారో అడగమన్నారు. అందులో పదకొండో ఆయన మా పార్టీలో లేడు. పాస్‌వర్డు పెట్టిన వారానికే అవతలి పార్టీలోకి దూకాడు. అంతకుముందు అటునుంచి ఇటు దూకాడు. మేం ఆయన్ని ప్రేమగా గోడమీద పిల్లి అనేవాళ్లం. పిల్లి వెంటనే విలేకరుల సమావేశం పెట్టింది.

"నా అక్షరం నా గుండెల్లో భద్రంగా ఉంది. అది ప్రజల అక్షరం. ప్రజలకి సేవ చేసే స్థానంలో నన్ను కూర్చోబెడితే ప్రజలకే అప్పగిస్తాను."

మంత్రిపదవి అడుగుతున్నాడని అర్థం చేసుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది.

"నా ఉప్పు తిని నా అక్షరం ఎత్తుకుపోయాడు" అన్నారు మంత్రిగారు. అయినా రాష్ట్ర శ్రేయస్సు కోసం మంతనాలు మొదలుపెట్టారు. అది విని మిగతా పదిమందికీ చురుక్కుమంది. బయటికి పోయినవాడి అక్షరానికి మంత్రిపదవి అయితే, లోపలున్నవాళ్ల అక్షరాలు గడ్డిపరకలా? ఒకాయన తనకి గుర్తొచ్చీ రానట్టు ఉందనీ, కార్పొరేషన్ చైర్మన్ కుర్చీలో కూర్చుంటే పూర్తిగా గుర్తొస్తుందనీ అన్నాడు. కూర్చోబెడితే గుర్తొచ్చింది. ఇంకొకాయన జ్ఞాపకశక్తి ఆయన బావమరిది దగ్గరుందిట. బావమరిదికి రోడ్డు కాంట్రాక్టు ఇచ్చారు. ఇలా ఒక్కో అక్షరమూ ఇంటికి చేరింది. పదిమందిలో ఏడుగురు 'ప్రజలు' అనే మాటలో మొదటి అక్షరమే నొక్కామని ప్రమాణం చేశారు. మరీ ఏడైతే బాగుండదని కార్యదర్శిగారు బతిమాలితే నలుగురు పెద్దమనసుతో మార్చుకున్నారు.

ఇంట్లో మా ఆవిడ నాతో మాట్లాడటం తగ్గించింది.

"ఏమండీ, అమ్మ ఇవాళ గుమ్మం అనుకుని గోడలోకి నడిచింది" అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "నుదురు బొప్పి కట్టింది. మీ వాళ్ల అక్షరాలు ఎంతవరకొచ్చాయి?"

"పదకొండు వచ్చాయి. పిల్లి ఒక్కడే మిగిలాడు."

"పిల్లికి పదవి, మా అమ్మకి బొప్పి. బాగుంది."

అటువైపు గదిలోంచి అత్తగారు అంది. "ఆయన్నెందుకే అంటావ్? ఆయన రాసేవాడే గానీ చేసేవాడా?"

అది నన్ను వెనకేసుకురావడమని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను.

మర్నాడు ఇంజనీరమ్మ పేషీలోకి వచ్చి దొరికిందని చెప్పింది. పిల్లి అక్షరం రాకముందే ఎలా దొరికిందని మంత్రిగారు అనుమానంగా అడిగారు. అక్షరాల కోసం ఎదురుచూసీ చూసీ విసుగొచ్చి, టీ తాగుతూ ఆ సోమరి జాబితా నడిపానని ఒప్పుకుంది. టీ చల్లారకముందే వచ్చిందిట. మంత్రిగారూ, కార్యదర్శిగారూ, నేనూ ఆమె తెర మీదికి వంగాం. 'పాస్‌వర్డు దొరికింది' అని ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు.

"ఎక్కడ?" అన్నారు మంత్రిగారు.

"అదే సార్."

"అక్కడేమీ లేదే."

"ఏమీ లేకపోవడం కాదు సార్. పన్నెండు ఖాళీలు. కీబోర్డులో అన్నిటికంటే కింద పొడుగాటి మీట ఉంటుంది చూడండి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడానికి నొక్కేది. అందరూ దాన్నే నొక్కారు."

కార్యదర్శిగారు నెమ్మదిగా కూర్చున్నారు. "గుడ్డ కింద చెయ్యి పెడితే ముందు తగిలేది అదే" అన్నారు, తనలో తనే.

"ఎవరో ఒకరిద్దరు నొక్కి ఉంటారు" అన్నారు మంత్రిగారు. "నేను మాత్రం..."

"మీరే మొదలు సార్. ప్రోటోకాల్ ప్రకారం."

మంత్రిగారు తన బొటనవేలిని కాసేపు చూసుకున్నారు. తర్వాత ఇంజనీరమ్మని రుజువు అడిగారు. ఇప్పుడే తెరిచి చూపిస్తానని ఆమె ఉక్కుగది వైపు నడవబోతే కార్యదర్శిగారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"తెరవకండి. తెరిస్తే తెరిచినట్టవుతుంది."

ఆయన ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పది అక్షరాలకి పది మేళ్లు జరిగాయి. అందులో ఒక్క అక్షరం కూడా నిజం కాదని తేలితే పదవులు వెనక్కి తీసుకోవాలి. ఎవరిస్తారు? కనక ముందు పిల్లి వచ్చి ప్రమాణస్వీకారం చెయ్యాలి, తన అక్షరం చెప్పాలి, ఆ తర్వాత లోపాయికారీగా ఉక్కుగది తెరిచి, వాళ్లు చెప్పిన అక్షరాలతో కొత్త పాస్‌వర్డు పెట్టి, అందరిముందూ ఆ అక్షరాలతో తెరవాలి. అప్పుడు పన్నెండు మందీ సత్యసంధులవుతారు. నాకు ఈ ఉపాయం ఎంత నచ్చిందంటే నోట మాట రాలేదు.

మాట వచ్చాక అడిగాను. "సార్, పాస్‌వర్డు దొరికింది కాబట్టి, మా అత్తగారి మంజూరు ఒక్కటి..."

"అధికారికంగా అది ఇంకా మూసే ఉందయ్యా" అన్నారు కార్యదర్శిగారు. "మూసి ఉన్నదాంట్లోంచి మంజూరు ఎలా వస్తుంది?"

"పిల్లి ఎప్పుడొస్తాడు సార్?"

"మంచి ముహూర్తం చూసుకుంటున్నాడు."

ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. రహస్యాలు భార్యకి చెప్పకూడదని ఉత్తర్వు ఉంది గానీ దానికి ప్రెస్ నోట్ నేను రాయలేదు.

"ఒకే మీట పన్నెండుసార్లు" అంది ఆమె. "మా అమ్మ కంటికీ చీకటికీ మధ్య ఉన్నది అంతేనా? మీకు వేళ్లు లేవా?"

"గది ముందు గార్డున్నాడు. కీబోర్డు గాజుపెట్టెలో ఉంది."

"గాజుపెట్టె తెరవాలంటే ఏం కావాలి?"

ఆలోచించాను. ఈ ప్రభుత్వంలో ఏ పెట్టె తెరవాలన్నా ఒకటే కావాలి. అది నా చేతిలో ఉన్న విద్యే.

మర్నాడు మంత్రిగారి దగ్గరికెళ్లాను. లబ్ధిదారులు గుడ్డివాళ్లయిపోతున్నారని పేపర్లు గోల పెడుతున్నాయనీ, మొదటి లబ్ధిదారు ఆ చారిత్రక కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రభుత్వాన్ని దీవిస్తుంటే, మంత్రిగారు వెనక నిలబడి ఆవిడ తల నిమురుతున్న ఫోటో ఒకటి పడితే ఆ గోల అంతా అణుగుతుందనీ విన్నవించాను.

"నేను ఏ పక్క నిలబడాలి?" అన్నారు మంత్రిగారు. అంటే ఒప్పుకున్నట్టే.

గార్డు సెల్యూట్ కొట్టాడు. గాజుపెట్టె తెరిచారు. కీబోర్డుని మెషీన్‌కి తగిలించారు, ఫోటోలో తీగ వేలాడితే బాగోదని నేనే అన్నాను. సాంకేతిక ప్రగతి కనపడాలని ఇంజనీరమ్మని కూడా ఆ పక్క నిలబెట్టాను. ఆమె నా ముఖం చూసి కళ్లజోడు సర్దుకుంది. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని పొడుగాటి మీట మీద పెట్టాను. అంతకుముందు రోజు ఇంట్లో పీట మీద గరిటె పెట్టి సాధన చేయించాం.

"ఫ్లాష్ పడ్డప్పుడల్లా ఒకటి" అన్నాను చెవిలో. "వెలుగు తెలుస్తుందిగా?"

"ఆ మాత్రం తెలుస్తుంది. ఎన్ని? చొక్కా మీద అయిదేగా?"

"అవును."

ఫోటోగ్రాఫర్ జాతికి ఒక సుగుణం ఉంది, ఒక్క ఫోటోతో వదలరు. "ఇంకొకటి సార్, కొంచెం దయ చూపించండి" అంటాడు, మంత్రిగారు దయ చూపిస్తారు, ఫ్లాష్ పడుతుంది, అత్తగారి బొటనవేలు కదులుతుంది. మంత్రిగారు కెమెరాని తప్ప దేన్నీ చూడని దీక్షాపరుడు. కార్యదర్శిగారు కూడా ఫోటోలో పడాలని మెడ సాగదీస్తున్నారు. ఒక చొక్కా అయింది. తర్వాత ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, "చాలు సార్, బ్రహ్మాండంగా వచ్చాయి" అన్నాడు.

అత్తగారి వేలు గాల్లోనే నిలబడి వెలుగు కోసం ఎదురుచూస్తోంది. మిగిలింది ఒక్క కాజా.

"సార్" అన్నాను, "మీరు కళ్లు మూసుకున్నట్టున్నారు."

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఏదయ్యా, ఇంకోటి తియ్యి."

ఫ్లాష్ పడింది. వేలు దిగింది. ఇంజనీరమ్మ పక్కనుంచి ఒక మీట నొక్కింది. వెనకాల ఉక్కుగది చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది. మంత్రిగారు ఫోటోలు చూసుకుంటున్నంతసేపూ ఆమె టకటక ఏదో కొట్టుకుంటూ పోయింది. ఒక్క అత్తగారికే మంజూరు ఇవ్వమని నా కోరిక. చెయ్యి ఎలాగూ అక్కడే ఉంది కదా అని ఆ ఇంజనీరమ్మ వరసలో ఉన్న అందరికీ ఇచ్చేసింది.

సాయంత్రానికి ఆసుపత్రులన్నిటికీ మంజూర్లు అందాయి. కార్యదర్శిగారికి విషయం రెండు నిమిషాల్లో అర్థమైంది. నన్ను పిలిచి తలుపేశారు.

"మీ అత్తగారి మీద కేసు పెట్టాలయ్యా."

"పెట్టండి సార్. ఏం నేరం సార్?"

"పాస్‌వర్డు కొట్టింది."

"ఏం కొట్టిందని రాస్తారు సార్?"

ఆయన పెన్ను తీసి, కాగితం మీద పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నారు. రాయాల్సిన చోట ఖాళీ వదిలితే నిజం రాసినట్టవుతుంది. మింగలేక కక్కలేక పెన్ను మూసేశారు. ఆ రాత్రి నేను రాసిన ప్రెస్ నోట్ పాఠకులు చదివే ఉంటారు. ప్రజల బాధ చూడలేక ఉక్కుగది తనంతట తాను తెరుచుకుందని, యంత్రాలకి కూడా హృదయం ఉండేలా మంత్రిగారు పాలిస్తున్నారని.

అత్తగారి కన్ను దక్కింది. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేనన్నాడు డాక్టరు. కట్టు విప్పాక ఆవిడ మొదట నా ముఖం చూసి, "చిక్కిపోయారు అల్లుడుగారూ" అంది. ఇంటికొచ్చి సన్న సూది అడిగి, మొదటిసారికే దారం ఎక్కించింది. మా ఆవిడ వంటింట్లోకెళ్లి ఏడ్చింది.

పాత పాస్‌వర్డు ఇక భద్రం కాదని కొత్తది పెట్టే సభ ఏర్పాటు చేశారు. పిల్లి ప్రమాణస్వీకారం చేసి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఇద్దరు అనుచరుల్ని తెచ్చుకున్నాడు, వాళ్లకీ పదవులొచ్చాయి. పదవి ఉంటే అక్షరం ఉండాలి కాబట్టి ఈసారి వేదిక మీద పద్నాలుగు మంది. ఎవరి అక్షరం ఏమిటో కార్యదర్శిగారు ముందే నేర్పించారు. మీట ఎక్కడుందో బొమ్మ గీసి ఇచ్చారు. గుడ్డ మాత్రం యథాప్రకారం, అది సంప్రదాయం అయిపోయింది.

పద్నాలుగు మందీ నొక్కారు. మరోసారి కొట్టమంది. కొట్టారు. కలవలేదు. మళ్లీ మొదటినుంచి. కలవలేదు. మూడోసారి పిల్లికీ, కార్పొరేషన్ చైర్మన్‌కీ మాటా మాటా పెరిగింది. జనం కుర్చీల్లో కదులుతున్నారు. టీవీ వాళ్లు గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, కార్యదర్శిగారి చెవిలో ఏదో అన్నారు. కార్యదర్శిగారు ఒక్కొక్కరి చెవిలో అదే అన్నారు. పద్నాలుగు మందీ వరసగా వచ్చి, నవ్వి, నొక్కారు. మళ్లీ వచ్చి, నవ్వి, నొక్కారు. పొల్లు పోకుండా కలిసింది. సభ దద్దరిల్లింది. నేను జేబులోంచి పాత ప్రెస్ నోట్ తీసి 'పన్నెండు' కొట్టేసి 'పద్నాలుగు' అని దిద్దాను.

అత్తగారు పథకానికి నిదర్శనంగా వేదిక మీద కీబోర్డు పక్కనే, ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుంది. ఆ పక్కన ఈసారి మొదటి లబ్ధిదారు, రెండు కళ్లకీ శుక్లాలున్న ఒక పెద్దాయన. ఆయన చప్పట్లు వినపడే దిక్కుకి తల తిప్పి, "ఏం జరుగుతోందమ్మా అక్కడ?" అని అడిగాడు.

అత్తగారు ముఖమల్ గుడ్డ అంచు కిందినుంచి చూపు తిప్పుకుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"గుర్తుపెట్టుకో అన్నయ్యా, నీకు పనికొస్తుంది. కింది పొడుగాటి మీట. పోయినసారి చొక్కా మీద అయిదు, ఈసారి సరిగ్గా రెండు చొక్కాలు. నీ వెనకున్నవాళ్లకి కూడా చెప్పు."